కుట్టు కుడివైపు

ఇంగ్లీషు పరీక్షలో నాకు సున్నా వచ్చిందన్న సంగతి నాకంటే ముందు మా కచేరీలో పద్నాలుగు మందికి తెలిసింది. ఆ పద్నాలుగు మంది ఎవరెవరో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఎవరు నవ్వారో, ఎవరు కాగితాల్లో తల దూర్చారో, ఎవరు నీళ్ల కుండ దాకా వెళ్లి తాగకుండానే తిరిగి వచ్చారో అన్నీ గుర్తున్నాయి. మా ఇంట్లో వాళ్లు దీన్ని జబ్బు అంటారు. నేను జ్ఞాపకం అంటాను.

అది ఆదిలాబాద్ జిల్లాలో, పత్తి బండ్లు వరసకట్టే ఒక ఊళ్లోని తాలూకా కచేరీ. మాది కరీంనగర్ వైపు వ్యవసాయ కుటుంబం. ఉర్దూలో మెట్రిక్ దాకా చదివి ఆ కచేరీలో గుమాస్తాగా చేరాను. చేరినప్పుడు అక్కడ ప్రతి కాగితమూ ఉర్దూలోనే నడిచేది. పోలీసు చర్య తర్వాత పైనుంచి వచ్చే ఉత్తరాలు కొద్దికొద్దిగా ఇంగ్లీషులోకి మారాయి. ఆంధ్రతో రాష్ట్రం కలిశాక ఆ కొద్దికొద్దిగా కూడా పోయి అంతా ఇంగ్లీషే అయింది. ఇంగ్లీషు రాని గుమాస్తాలందరూ రెండేళ్లలో పరీక్ష పాస్ కావాలని, రెండు తడవలు రాయవచ్చని, కాకపోతే బల్ల వదిలి కింది పనికి దిగాలని హుకుం వచ్చింది. కింది పని అంటే మా దగ్గర దఫ్తర్‌ఖానా. పాత ఫైళ్లుండే చీకటి గది. దబ్బనంతో కాగితాలకు బెజ్జాలు పొడిచి, దారంతో కుట్టి, అరల్లో పెట్టడం.

నాకా భయం కొంతే. మెట్రిక్‌లో ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా చదివాను. భయమంతా మా పేష్కార్ సాబ్ గురించే.

పేష్కార్ అంటే తహసిల్దారు పక్కన కూర్చుని కాగితాలన్నీ నడిపించే పెద్ద గుమాస్తా. ఆయన పదహారో ఏట జీతం లేని ఉమ్మీద్వారుగా ఆ కచేరీలో అడుగుపెట్టి, నకళ్లు రాస్తూ రాస్తూ ఆ కుర్చీ దాకా వచ్చినవాడు. బడి మొహం చూడలేదు. ఏ పరీక్షా రాయలేదు. ఆయన ముసాయిదా రాస్తే తహసిల్దార్లు చదవకుండానే సంతకం పెట్టేవారు. నేను చేరిన కొత్తలో మూడు నెలలు నన్ను కలం ముట్టనివ్వలేదు. పాత మిసిళ్లు, అంటే ఫైళ్లు, ముందు పడేసి, "ముందుగాల చదువు బేటా. రాసుడు దానంతటదే వస్తది" అన్నాడు. నాకు పని నేర్పింది ఆయన. అందుకే హుకుం వచ్చిన వారానికే కచేరీ వెనక అరుగు మీద ఆయనకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాను.

సాయంత్రం కచేరీ మూశాక ఒక గంట. ఏడాది పాటు ఒక్క రోజు తప్పలేదు. కొత్త మాట వస్తే పక్కన ఉర్దూ అక్షరాల్లో దాని పలుకుబడి రాసుకునేవాడు. ఆయన ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉర్దూ ఖుష్‌ఖతు రాతలాగే అందంగా ఉండేవి. నేను తప్పులు దిద్దితే గడ్డం నిమురుకుంటూ, "నా తమ్ముని కొడుకంత లేవు, నా చెవులు పిండుతున్నవ్. పిండు, పిండు. నీ బాకీ తీరాలె గద" అని నవ్వేవాడు.

కోస్తా నుంచి కొత్తగా వచ్చిన హెడ్‌క్లర్కు ఒకరోజు అరుగు పక్కనుంచి పోతూ ఆగి, "ఇద్దరూ కలిస్తే ఒక్క ఇంగ్లీషు మనిషైనా తయారవుతాడంటారా?" అన్నాడు. అది అన్నప్పుడు ఆయన చేతిలో సగం తిన్న జామకాయ ఉంది. పేష్కార్ సాబ్ లేచి సలాం చేశాడు. నేను లేవలేదు.

పరీక్ష కరీంనగర్‌లో. ముందురోజు పొద్దున్నే బస్సెక్కాం. మా అవ్వ బాసర అమ్మవారి కుంకుమ రెండు పొట్లాలు కట్టి, "పెద్దసారుకు గూడ ఇయ్యి బిడ్డా. చదువుల తల్లి గామె, కులం అడగది" అంది. ఇవ్వాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే ఆయనే చెయ్యి చాచి తీసుకున్నాడు. కళ్లకద్దుకుని షేర్వాణీ లోపలి జేబులో పెట్టుకుని, "మీ అవ్వకు చెప్పు, పాసైతె మిఠాయి తెస్తనని" అన్నాడు. నిర్మల్ దాటి, సోన్ దగ్గర గోదావరి వంతెన ఎక్కేదాకా సెలవు చీటీ ఇంగ్లీషులో ఎలా రాయాలో పెదాలు కదుపుతూ వల్లె వేస్తూనే ఉన్నాడు.

ఒక బడిలో పెద్ద హాలు. మా జిల్లావాళ్లను ఒక వరసలో కూర్చోబెట్టారు. ఆయన ముందు, వెనక నేను. మాలో చాలామంది కుర్రాళ్లు. బడిలో ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లు. జవాబులు రాసే పుస్తకాలు పంచారు. తెల్ల కాగితాలు కుట్టి, ముందూ వెనకా ఒకే రకం గోధుమరంగు అట్ట వేసినవి. ఒక అట్ట మూలన మా నంబరు చీటీ అప్పటికే అంటించి ఉంది.

ప్రశ్నపత్రం చూశాక నా గుండె కుదుటపడింది. వానకు కారుతున్న డాక్ బంగళా పైకప్పు బాగు చేయించమని పై అధికారికి ఉత్తరం. ఒక పేజీ భాగానికి సారాంశం. కరువు వల్ల శిస్తు మాఫీ కోరే కాగితం ఒకటి ఇంగ్లీషులోకి మార్చడం. మేం రోజూ చేసే పనే.

అప్పుడు పేష్కార్ సాబ్ కొంచెం పక్కకు తిరిగాడు. పుస్తకాన్ని చేతిలో పట్టుకుని, ఎటు నుంచి అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. నేను నా బల్ల మీదున్న నా పుస్తకాన్ని చూపుడు వేలితో చూపించాను. కుట్టు కుడివైపు, నంబరు చీటీ కిందికి. మా బడిలో అన్ని పరీక్షలకూ ఉర్దూ పద్ధతి పుస్తకాలే ఇచ్చేవారు. కుట్టు కుడిచేతి వైపు ఉండేది. ఇంగ్లీషు పేపరు కూడా అందులోనే రాశాను. కచేరీ మిసిళ్లన్నీ అంతే. రాసే కాగితమంటే కుడి నుంచి తెరుచుకునేదే. నాకు సందేహమే రాలేదు. ఆయన తల ఊపి తన పుస్తకాన్ని తిప్పుకున్నాడు.

మూడు గంటలు రాశాం. గంట కొట్టాక బయటికి వస్తూ గుమ్మం దగ్గర వెనక్కి చూశాను. హాలు కాపలా చూసిన మాస్టరు పుస్తకాల దొంతర ముందేసుకుని ఎర్ర సిరా కలంతో గీతలు కొడుతున్నాడు. రాయగా మిగిలిన ఖాళీ పేజీ మీద అడ్డగీత కొట్టి సంతకం పెట్టాలి, తర్వాత ఎవరూ అందులో ఏమీ చేర్చకుండా. కచేరీలోనూ మేం చేసేదే. పని శుద్ధిగా చేస్తున్నాడనుకున్నాను.

మూడు నెలలకు ఫలితాలు వచ్చాయి. హెడ్‌క్లర్కు వాటిని గోడకు అంటించలేదు. నిలబడి చదివాడు. నేను అప్పుడు ఖజానా గదిలో ఉన్నాను. బయటికి వచ్చేసరికి ఆయన నా మొహం చూసి, నా కోసం మళ్లీ చదివాడు. నాకు సున్నా. పేష్కార్ సాబ్‌కు సున్నా. కాగితం మడిచి, "తప్పులు రాసినవాడికైనా ఐదో పదో వస్తాయండీ. ఒక్క మార్కూ రాకుండా రాయడం మామూలు మనిషి వల్ల కాదు" అన్నాడు.

నేను నమ్మలేదు. నమ్మకపోవడం అన్నది చిన్నమాట. డాక్ బంగళా ఉత్తరం అక్షరం అక్షరం నాకు నోటికి వచ్చు. అందులో ఒక్క మార్కయినా లేకపోవడమేమిటి? పేష్కార్ సాబ్‌వైపు చూశాను. ఆయన తన ముందున్న కాగితం మీద ఇసుక చల్లి, సిరా ఆరిందా లేదా అని చూస్తున్నాడు. సిరా ఎప్పుడో ఆరింది.

మర్నాడు పొద్దున కచేరీకి వచ్చేసరికి ఆయన కుర్చీ ఖాళీ. జ్వరమేమో అనుకున్నాను. మధ్యాహ్నం ఒక పాత మిసిల్ కోసం దఫ్తర్‌ఖానాలోకి వెళ్తే, చాప మీద కూర్చుని ఉన్నాడు. షేర్వాణీ విప్పి గోడ మేకుకు తగిలించాడు. చేతిలో దబ్బనం. బల్ల తనంతట తాను వదులుకుంటున్నానని, కింది పని ఇప్పించమని రాసి, సంతకం చేసి, తెల్లారగానే తహసిల్దారుకు ఇచ్చి వచ్చాడట.

"ఇంకో తడవ ఉన్నది గద సాబ్" అన్నాను.

"ఇర్వయో ముప్పయ్యో వస్తె మళ్ల రాద్దును బేటా. సున్న వచ్చినోడు ఏం మొఖం పెట్టుకోని రాస్తడు? ఇన్నేండ్లు నా రాత చూసి సంతకాలు పెట్టినోళ్లంత పాగల్‌గాళ్లా? కాదు. అంటె నాకే రాదు."

"అన్యాయం జరిగింది. అర్జీ పెడుదాం."

"నువ్వు పెట్టు. నాకు కుట్టుడు పనున్నది."

నేను పెట్టాను. రెండో తడవ రాయనన్నాను. రాస్తే మొదటి సున్నాను ఒప్పుకున్నట్టే. అర్జీ మీద అర్జీ. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి, ఫలితాలు ఖరారైనవి అని ఒక్క వాక్యం. మూడోది హెడ్‌క్లర్కు నాలుగు రోజులు తన సొరుగులో పెట్టుకున్నాడు. ఆ సంగతి నాలుగో అర్జీలో రాశాను. ఆయన మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నాకది ప్రశాంతంగానే ఉండింది. ఎనిమిది నెలలకు కబురొచ్చింది. కరీంనగర్ వచ్చి నీ జవాబు పుస్తకం నీ కళ్లతో చూసుకో, తర్వాత ఈ రాతలు మానుకో అని.

పరీక్షల ఆఫీసరు గదిలో మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమనలేదు. గోధుమరంగు అట్ట పుస్తకం నా ముందుకు తోసి, "ఇదేనా నీ నంబరు?" అని అడిగాడు.

"అదే సార్."

"అయితే చూసుకో మరి."

నంబరు చీటీ పైకి వచ్చేలా పుస్తకం పెట్టాడు. కుట్టు ఎడమవైపు. అట్ట తెరిచాడు. తెల్ల పేజీ. దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగీత, కింద మాస్టరు సంతకం. ఇంకో పేజీ తిప్పాడు. తెలుపు. ఇంకోటి. అదీ తెలుపే.

"ఎనిమిది నెలలు పైవాళ్లను విసిగించావయ్యా. ఏం రాశావని మార్కులు వెయ్యమంటావు?"

నా పుస్తకం మార్చేశారనుకున్నాను. అర్జీలో రాయడానికి వాక్యం కూడా మనసులో తయారైంది. అంతలో నా చెయ్యి, నేను చెప్పకుండానే, ముందుకు పోయి ఆ పుస్తకాన్ని బోర్లా తిప్పింది. కుట్టు కుడివైపుకు వచ్చింది. అట్ట తెరిచాను. డాక్ బంగళా పైకప్పు కారుతోందని పై అధికారికి విన్నవించుకునే నా ఉత్తరం, నా చేతిరాతతో, అక్కడే ఉంది. జవాబులన్నీ కలిపి ఆరు పేజీలు.

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వును నేను క్షమించలేదు. "ఎవరయ్యా నీకు ఇంగ్లీషు పుస్తకం వెనకనుంచి మొదలుపెట్టమని చెప్పింది?" అన్నాడు.

ఆ ప్రశ్న నా చెవిలో పడింది, లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. నాకు ఎవరూ చెప్పలేదు. కానీ నేనొకరికి చెప్పాను. బల్ల మీద నా చూపుడు వేలు, ఆయన ఎగరేసిన కనుబొమ్మలు, ఆయన తిప్పుకున్న పుస్తకం. తిప్పుకునే ముందు ఆ పుస్తకం ఆయన చేతిలో ఎలా ఉందో అప్పుడు గుర్తొచ్చింది. కుట్టు ఎడమవైపు ఉంది. ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు.

పేష్కార్ సాబ్ నంబరు చెప్పి, ఆ పుస్తకం కూడా తెప్పించమన్నాను. ఆఫీసరు గుమాస్తాను పిలిచి అడిగాడు. అర్జీ లేని పుస్తకాలన్నీ ఆరు నెలలు నిండగానే చించేశామని గుమాస్తా చెప్పాడు. నాది మాత్రం అర్జీ నడుస్తున్నందువల్ల ఉంచారట. ఆ సాయంత్రమే నా పుస్తకం దిద్దించారు. నలభై వస్తే పాస్. నాకు నలభై నాలుగు వచ్చాయి. తిరుగు బస్సులో ఆ నలభై నాలుగు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మర్నాడు తిన్నగా దఫ్తర్‌ఖానాలోకి వెళ్లాను. ఆయన ఒక ఇంగ్లీషు ఫైలు కుడుతున్నాడు. ఎడమ అంచున నాలుగు బెజ్జాలు, సమానంగా. నేను నిలబడే అంతా చెప్పాను. ఎర్రగీత, తెల్ల పేజీలు, బోర్లా తిప్పడం. చెప్పి, నా వేలి సంగతి దగ్గర ఆగిపోయాను.

ఆయన దారం పంటితో తెంపి, "నాకు ఎరికే" అన్నాడు.

"ఏమెరిక?"

"గీడ కూసున్న రెండో వారంలనే ఎరుకైంది. ఇంగ్లీషు కాయితాలు వచ్చినయ్. కుడి దిక్కు కుట్టిన. మీ హెడ్‌క్లర్కు కోపానికొచ్చి కుట్టు ఇప్పిచ్చిండు, ఎడమ దిక్కు కుట్టమన్నడు. గప్పుడు సమజైంది, మన కితాబులు ఎట్ల పోయినయో."

రెండో వారం అంటే అప్పటికి ఆయన పుస్తకం కరీంనగర్‌లో ఏదో అరలో భద్రంగా ఉంది. ఒక్క అర్జీ చాలు. ఒక్క మాట నాకు చెప్పినా చాలు.

"ఎందుకు చెప్పలే సాబ్?"

"చెప్తె నువ్వు ఊకుంటవా? నా పేరు గూడ అర్జీల రాద్దువు. ఇద్దరు ఒక్క తీరుగ ఎట్ల తిప్పిండ్రని వాళ్లడుగుతరు. హాల్‌ల సైగ చేసుకున్నమని తేలుతది. నా కాయితం పోతె పోయె, నీది గూడ చింపుతుండ్రి. ఇద్దరం గీ చాప మీద కూసుంటే, ఆ బల్ల కాడ ఎవడుంటడు?"

"నేనే గదా తిప్పిచ్చింది."

"నేను అడిగిన, నువ్వు చెప్పినవ్. చెవులు పిండినోడు చెప్తె ఇననా?" అని నవ్వాడు. అదే అరుగు మీద నవ్వే నవ్వు. ఎనిమిది నెలలుగా రోజూ ఆ గది ముందునుంచి పోతూ, నాకు జరిగిన అన్యాయం గురించి ఆయనకే చెప్పుకున్నాను. ఆఫీసర్లను తిట్టాను. మాస్టరును తిట్టాను. ఆయన వింటూ దబ్బనం పొడిచేవాడు.

ఆ రోజే కూర్చుని ఐదో అర్జీ రాశాను. నా జన్మలో రాసిన అర్జీల్లో తప్పు నాదని రాసింది అదొక్కటే. హాలులో సైగ చేసింది నేనేనని, శిక్ష ఏదైనా నాకే వేయాలని, పేష్కార్ సాబ్‌కు మళ్లీ పరీక్ష రాసే అవకాశమిచ్చి కుర్చీ తిరిగి ఇప్పించాలని. ఆయన సంతకం కూడా కావాలి కనుక మర్నాడు తీసుకెళ్లి చేతికిచ్చాను. కళ్లద్దాలు సవరించుకుని, నేను ఉర్దూ ముసాయిదాలు చూపించిన రోజుల్లో చదివినట్టే, మొదటినుంచి చివరిదాకా చదివాడు. పెన్సిలుతో ఒక మాట కొట్టేసి, పైన ఇంకొకటి రాశాడు. మంచి మాట. నాకు తట్టనిది.

"ఇప్పుడు మంచిగున్నది" అన్నాడు. తర్వాత ఆ కాగితం ఎడమ అంచున నాలుగు బెజ్జాలు పొడిచి, చేతిలో ఉన్న ఒక పాత ఫైలు లోపల పెట్టి కుట్టేసి, నిచ్చెన ఎక్కి అన్నిటికంటే పై అరలో పెట్టాడు.

"అది పంపాలె సాబ్."

"దాఖలు చేసిన" అన్నాడు, నిచ్చెన దిగుతూ.

నేను ఆ నిచ్చెన ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదని నన్ను నేను అడిగినప్పుడల్లా ఒక్కో జవాబు చెప్పుకున్నాను. ఆయన సంతకం లేకుండా పనికిరాదని. ఆయన మాట కాదనలేనని. ఏ జవాబూ ఇన్నేళ్లలో నిలబడలేదు. నలభై నాలుగు మార్కులకు నా ఉద్యోగం ఖాయమై ఉంది, అర్జీ పైకి పోతే అది కూడా పోయేది. ఆ మాట మాత్రం నాకు నేను ఇప్పుడే చెప్పుకుంటున్నాను.

నెల తిరక్కుండానే ఖాళీగా ఉన్న పేష్కారు కుర్చీ నాకిచ్చారు. వద్దని రాద్దామని కాగితం తీశాను. అంతలో దఫ్తర్‌ఖానా నుంచి ఆ రోజు ఫైళ్లు వచ్చాయి. పైనున్నదానికి ఎడమ అంచున సన్నని కాగితం చీటీ బయటికి పొడుచుకొచ్చి ఉంది. లాగి చూశాను. ఉర్దూలో, ఆ చేతిరాత ఎవరిదో కచేరీలో గోడలకు కూడా తెలుసు. ఇటు నుంచి తెరువు బేటా, అని ఉంది.

ఇటు నుంచే తెరిచాను. ఆయన పదవీవిరమణ దాకా ఏడేళ్లు, ఆయన కుట్టిన ఫైళ్లు ఆయన కుర్చీలో కూర్చుని తెరిచాను. ఆ చీటీ నా దగ్గరే ఉంది. పాస్ కాలేదు గనుక ఆయన మా అవ్వకు మిఠాయి తేలేదు. నేను తీసుకెళ్తే ఆమె, "పెద్దసారు ఏమాయె?" అని అడిగింది. నేను కాళ్లు కడుక్కోవడానికి బయటికి వెళ్లాను.